కురుసుర సబ్‌మెరైన్ లోపలికి పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇది. వచ్చే నెల హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నారు. నాన్నగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బాబుకి ఎనిమిదేళ్లు, సబ్‌మెరైన్ అంటే ప్రాణం. మీకేమో ఇరుకు చోటంటే భయం, లిఫ్ట్ ఎక్కినా టెన్షన్ వస్తుందన్నారు. ఈ పరిస్థితుల్లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కురుసుర లోపలికి వెళ్లొచ్చా, ఎంతసేపు పెట్టుకోవాలి, లోపల ఏం చూడాలి, అదే రోజు కైలాసగిరి కూడా చూడటం కుదురుతుందా అన్నది మీ ప్రశ్న.

వెళ్లండి. బాబుని తప్పకుండా తీసుకెళ్లండి. మీరూ వెళ్లగలరు, కాకపోతే రద్దీ లేని రోజు చూసుకోవాలి. నాన్నగారి సంగతి మాత్రం టికెట్ కొనకముందే తేల్చుకోండి. సమయం గంట పెట్టుకోండి. పావుగంటలో తిరిగి వచ్చేవాళ్లే ఎక్కువ, వాళ్లు చూసింది దాదాపు ఏమీ ఉండదు.

నేను ఇక్కడి నేవల్ డాక్‌యార్డ్‌లో ఎలక్ట్రికల్ ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. ఉద్యోగంలో చాలా ఏళ్లు సోవియట్ తయారీ ఫాక్స్‌ట్రాట్ రకం సబ్‌మెరైన్ల మరమ్మతు (రిఫిట్) పనుల్లో, అందులోనూ బ్యాటరీల దగ్గర గడిచాయి. కురుసుర ఆ రకానిదే. నేను నావికుణ్ని కాదు, నీళ్ల కింద ప్రయాణం చేయలేదు. ఒడ్డున ఉన్నప్పుడు దాని లోపల వంగి, పడుకుని, పాక్కుంటూ పనిచేసినవాణ్ని. మ్యూజియం తెరిచినప్పటి నుంచి చుట్టాలు వచ్చినా, కాలనీ పిల్లలు అడిగినా వాళ్లను లోపలికి తీసుకెళ్లే పని నాకే పడుతోంది. అలా ఎన్నో రకాల మనుషులతో వెళ్లాను కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ముందు నాన్నగారి మోకాళ్ల సంగతి.

లోపలికి వెళ్లాలంటే మెట్లెక్కాలి. అది పెద్ద కష్టం కాదు, రెయిలింగ్ పట్టుకుని మెల్లగా ఎక్కొచ్చు. అసలు కష్టం లోపల గదికీ గదికీ మధ్య ఉంది. సబ్‌మెరైన్‌లో మామూలు తలుపులు ఉండవు. ఒక గదిలోకి నీళ్లు వస్తే ఆ గదిని మూసేసి మిగతా వాటిని కాపాడుకోవాలి కాబట్టి మధ్యలో ఇనుప గోడలు, వాటికి గుండ్రటి దారులు పెడతారు. గుండ్రంగా ఎందుకంటే మూల ఉన్నచోట ఒత్తిడి పేరుకుని ఉక్కు పగులుతుంది. గుండ్రటి అంచు మీద అది సమంగా సర్దుకుంటుంది. ఇలాంటి దారి దాటాలంటే ఒకేసారి తల వంచాలి, కాలు ఎత్తాలి. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకి విడివిడిగా ఆ రెండూ వస్తాయి, ఒకేసారి రావు.

అందుకే నేను ఇంటిదగ్గరే ఒక పరీక్ష పెడతాను. ఇద్దరు చెరోవైపు ఒక కర్రను మోకాలి ఎత్తున పట్టుకోండి. నాన్నగారిని తల బాగా వంచి, గోడ పట్టుకుని ఆ కర్ర దాటమనండి. వరసగా ఆరు సార్లు. ఎందుకు ఆరంటే ఆ సబ్‌మెరైన్‌లో ఏడు గదులు, మధ్యలో ఆరు గోడలు. మూడోసారికే ఆయన ముఖం మారితే లోపలికి వద్దు. హాయిగా దాటేస్తే తీసుకెళ్లండి, కాకపోతే మీరు ముందు దాటి అవతల నుంచి చెయ్యి అందించండి. వెనక నుంచి పట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు, ఇంకా కంగారు పడతారు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో మా బావగారిని తీసుకెళ్లాను. ఆయనకి అప్పటికి 69. బాగానే నడుస్తున్నారు కదా అనుకున్నాను. పండగ జనం, ముందూ వెనకా మనుషులు. మూడో గది దాటేసరికి ఆయన మోకాలు పట్టేసింది. వెనక్కి వెళ్దామంటే దారి లేదు. ఒక చివర లోపలికి వెళ్లి రెండో చివర బయటికి రావాలి, మధ్యలో వెనక్కి తిరిగే చోటు ఉండదు. ఒక బంకు అంచు మీద కూర్చోబెట్టి, వెనకున్న యాభై మందిని ఒక్కొక్కరినీ పక్క నుంచి పంపించాం. లోపల పనిచేసే మాజీ నావికుడొకాయన వచ్చి, ఆయన చంక కింద చెయ్యి వేసి ఒక్కో గది దాటించారు. బావగారు ఏమీ అనలేదు కానీ ఆ రోజంతా మాట్లాడలేదు. తప్పు నాదే, ముందే అడిగి ఉండాల్సింది. అప్పటి నుంచి కర్ర పరీక్ష లేకుండా అరవై దాటినవాళ్లని తీసుకెళ్లడం మానేశాను.

నాన్నగారు లోపలికి రాకపోయినా ఆయనకి రోజు వృథా కాదు. సబ్‌మెరైన్‌ను బయటి నుంచి చూడటమే పెద్ద సంగతి. 91 మీటర్ల పొడవు, వైజాగ్‌లో మామూలు సిటీ బస్సులు వరసగా ఎనిమిది పెట్టినంత. పక్కన నిలబడి తల ఎత్తి చూస్తే కానీ ఆ ఆకారం అర్థం కాదు. ఆ తర్వాత రోడ్డుకి అవతల టీయూ 142 విమానం మ్యూజియం ఉంది, దాని గురించి చివర్లో చెప్తాను.

ఇక మీ భయం గురించి.

ఇరుకంటే భయం ఉన్నవాళ్లని నేను చాలామందిని తీసుకెళ్లాను, మా మేనకోడలు అందులో ఒకతి. నాకు తెలిసినంతలో చాలామందిని కంగారు పెట్టేది ఇరుకు ఒక్కటే కాదు, ముందు నిలబడ్డ మనిషి వీపు. ఆ వీపు కదలదు, వెనక ఇంకొకరి ఊపిరి తగులుతుంటుంది, అప్పుడు మొదలవుతుంది. జనం లేనప్పుడు అదే చోటు అంత ఇరుకుగా అనిపించదు. అందుకే మంగళవారం నుంచి శుక్రవారం లోపు, తెరవగానే వెళ్లండి. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తెరిచి రాత్రి దాకా ఉంచుతారు, ఆదివారాలు పొద్దున పూట కూడా తెరుస్తారు కానీ మీరు ఆదివారం పెట్టుకోవద్దు. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు హోటల్‌వాళ్లని ఒకసారి అడగండి. బీచ్‌లో నేవీ విన్యాసాలు ఉన్న వారం అయితే ఆ చుట్టుపక్కలకే వెళ్లొద్దు, రోడ్లు మూసేస్తారు.

మేనకోడలికి నేను చెప్పింది ఇదే: మీ ముందు కనీసం నాలుగైదు అడుగుల ఖాళీ వచ్చేదాకా ఆగండి. వెనకవాళ్లు తొందర పెడితే వాళ్లకి దారి ఇచ్చేయండి. మీ కళ్లు వీపుల మీద కాకుండా పైనున్న గొట్టాల మీద, చక్రాల మీద పెట్టండి. బాబు పక్కన ఉంటే ఇంకా మంచిది, వాడు అడిగే ప్రశ్నలకి జవాబు వెతుకుతూ ఉంటే మనసు అటు పోతుంది. మొదటి గదిలో రెండు నిమిషాలు నిలబడి చూడండి. అక్కడే గుండె దడదడలాడితే మొహమాటపడకుండా వెనక్కి వచ్చేయండి, మొదటి గది నుంచి తిరిగి రావడం సులువు. అక్కడ పర్వాలేదనిపిస్తే మిగతాది కూడా దాటేస్తారు.

సరే, లోపల ఏం చూడాలి?

అందరూ రెండే చూస్తారు, టార్పిడోలు, పెరిస్కోపు. అవి చూడాల్సినవే. ముందువైపు టార్పిడో గదిలో ఆరు గొట్టాలు, వెనకవైపు గదిలో నాలుగు, మొత్తం పది. 22 టార్పిడోలు పట్టేవి. ఒక్కో గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. బాబుని ఆ గొట్టం నోటి దగ్గర నిలబెట్టి చూస్తే వాడికి కొలత అర్థమవుతుంది. ఆ గదిలో ఇంకోటి గమనించండి. టార్పిడోలు ఉన్నచోటే మంచాలు కూడా ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్లు వాటి పక్కనే పడుకునేవాళ్లు. వేరే చోటు లేదు కనుక.

నేను మిమ్మల్ని చూడమని అడిగేది మీ కాళ్ల కింద ఉన్నదాన్ని. ఎవరూ చూపించరు, అందుకే ఎవరూ చూడరు. అధికారుల క్యాబిన్ల దగ్గర, నావికుల మంచాల దగ్గర మీరు నడిచే నేల కిందే బ్యాటరీ గుంటలు. ఫాక్స్‌ట్రాట్ రకానికి 448 సెల్స్. 112 చొప్పున నాలుగు గ్రూపులు. ఒక్కో సెల్ మన ఇన్వర్టర్ బ్యాటరీలాంటి సీసం, యాసిడ్ సరుకే, కాకపోతే ఒక్కోటి అర టన్ను దాటుతుంది. ఒక్కో సెల్ రెండు వోల్టులు, 112 కలిపితే 224 వోల్టులు. మీ ఇంట్లో ప్లగ్గులో వచ్చేటంతే.

ఎందుకింత ముఖ్యమంటే, డీజిల్ ఇంజన్‌కి గాలి కావాలి. నీళ్ల కింద గాలి లేదు. పైన తేలుతూనో, స్నార్కెల్ గొట్టం పైకి పెట్టో ఇంజన్లు నడిపి బ్యాటరీ నింపుకోవాలి. తర్వాత ఇంజన్లు ఆపేసి, మునిగి, బ్యాటరీ మీద మోటార్లు తిప్పుకుంటూ పోవాలి. మనిషి నడిచే వేగంతో, రెండు నాట్ల చొప్పున మెల్లగా పోతే కొన్ని రోజులు వస్తుంది. పూర్తి వేగంతో పరిగెడితే గంటల్లో అయిపోతుంది. అంటే శత్రువు వెంటపడ్డప్పుడు కెప్టెన్ చేతిలో ఉన్నది ఆ 448 డబ్బాల్లో మిగిలిన కరెంటు మాత్రమే. పారిపోదామా, చప్పుడు లేకుండా దాక్కుందామా అన్నది ఆ మీటరు చూసి తేల్చుకోవాలి.

ఆ గుంటల్లో మేం నిలబడి పనిచేసేవాళ్లం కాదు. పైన అంత ఎత్తు ఉండదు. పడుకుని, పక్కకి జరుగుతూ ఒక్కో సెల్ మూత తీసి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచి రీడింగ్ చూడాలి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. దిగేముందు ఉంగరం, గడియారం, బెల్టు, జేబులో చిల్లర, అన్నీ పైన పెట్టేయాలి. ఒక్క స్పానర్ జారి రెండు కొసల మీద అడ్డంగా పడితే ఎర్రగా కాలిపోతుంది. చార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. సముద్రపు నీళ్లు ఆ యాసిడ్‌లో పడితే క్లోరిన్ పుడుతుంది, అది ఇంకా ప్రమాదం. యాసిడ్ తుంపర్లు పడి నా ప్యాంట్లకు సన్నటి చిల్లులు పడేవి. ఉతికేదాకా కనిపించవు, ఉతికాక జల్లెడలా బయటపడేవి. మా ఆవిడ ఆ బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది.

ఇంత సరుకు మీద పరుపేసుకుని మనుషులు పడుకునేవాళ్లు. ఆ నేల మీద ఒక్క నిమిషం నిలబడండి.

ఇంజన్ల గది సన్నటి దారి. మూడు డీజిల్ ఇంజన్లు, ఒక్కోటి 2,000 హార్స్‌పవర్. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి మనం మాట్లాడుకుంటూ నడుస్తాం. ఆ మూడూ నడిచేటప్పుడు పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు, చేతి సైగలతోనే పని. వేడి గురించి చెప్పక్కర్లేదు.

కంట్రోల్ రూమ్‌లో బాబుకి చూపించడానికి చాలా ఉంది. పెరిస్కోపు దగ్గర ఎలాగూ వాడే ఆగిపోతాడు. ఆ చక్రాలు, వాల్వులు దేనికంటే మునగడానికి, తేలడానికి. మీరు బయల్దేరే ముందు ఇంట్లో ఒక చిన్న పని చేస్తే అక్కడ వాడు మీకే వివరిస్తాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగు కోసేయండి. మూత బిగించి బకెట్ నీళ్లలో నిలువుగా అదమండి. లోపలికి నీళ్లు రావు, సీసా పైకి తన్నుతుంది. ఇప్పుడు మూత కాస్త వదులు చేయండి. బుస్సుమని గాలి పోయి నీళ్లు నిండుతాయి, సీసా మునుగుతుంది. తర్వాత అడుగు నుంచి సన్నటి పైపు పెట్టి, మూత మళ్లీ బిగించి, గాలి ఊదండి. నీళ్లు బయటికి పోయి పైకి లేస్తుంది. సబ్‌మెరైన్ బ్యాలస్ట్ ట్యాంకులు ఇంతే. లోపలి గట్టి పొట్టకీ బయటి పొరకీ మధ్య ఆ ట్యాంకులు ఉంటాయి, కింద నీళ్లు వచ్చే దారులు, పైన గాలి పోయే మూతలు. ఊదడానికి సిలిండర్లలో ఒత్తిడితో నింపిన గాలి.

లోతు సంగతి కూడా వాడికి చెప్పండి. నీళ్లలో ప్రతి పది మీటర్లకీ చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు పెరుగుతుంది. 200 మీటర్ల లోతులో మీ బొటనవేలి గోరంత జాగా మీద 20 కిలోల బియ్యం బస్తా. ఆ ఒత్తిడిలో లోపల ఎనిమిది మంది అధికారులు, 67 మంది నావికులు, మొత్తం 75 మంది.

ఆ 75 మంది ఎక్కడ తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ కడుక్కున్నారు అని వెతుకుతూ నడవండి. ఇది నేను ప్రతి పిల్లవాడికీ ఇచ్చే పని. మంచాలు లెక్కపెట్టమంటాను. లెక్క 75కి రాదు. ఎందుకు రాదంటే ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పరుపు మీద ఇంకొకడు పడుకునేవాడు. వంటగది మన అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్ అంత ఉంటుంది. అంతమందికి పూటపూటా అందులోంచే. మంచినీళ్లు తాగడానికి, వంటకి. స్నానానికి ఇచ్చేటన్ని ఉండవు. నాతో పనిచేసిన నావికులు సెయిలింగ్ నుంచి వచ్చినప్పుడు వాళ్ల బట్టలే కాదు, జుట్టు కూడా డీజిల్ వాసన వచ్చేది. ఇంటికెళ్లినా మూడు రోజులు పోదని చెప్పేవాళ్లు.

ఒకసారి మా కాలనీ పిల్లలతో వెళ్లినప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతి గైడుని అడిగింది, 'అంకుల్, లోపల పగలో రాత్రో ఎలా తెలుస్తుంది?' అని. ఆయన ఒక్క క్షణం ఆగి, 'టిఫిన్ పెడితే పొద్దున అనుకునేవాళ్లం తల్లీ' అన్నారు. తర్వాత పదిహేను నిమిషాలు ఆ పిల్లలకి తన ఉద్యోగం సంగతులు చెప్పారు. పుస్తకంలో దొరకనివి.

అందుకే గైడ్లను వదలొద్దు. అక్కడ గైడ్లుగా ఉన్నది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. అడక్కపోతే కొలతలు, అంకెలు చెప్పి ముందుకు పంపిస్తారు, వాళ్లకి రోజూ వందల మంది. మీరు గౌరవంగా నిలబడి, 'మీరు ఏ బ్రాంచి సార్?' అని ఒక్క మాట అడిగి చూడండి. రద్దీ లేని రోజు రమ్మన్నది ఇందుకు కూడా.

ఒక అపోహ తీర్చాలి, ఎందుకంటే బాబు అడుగుతాడు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీని ముంచింది ఈ సబ్‌మెరైనే అని బీచ్‌లో చాలామంది చెప్పుకుంటారు. కాదు. 1971 యుద్ధంలో డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక గాజీ మునిగింది మన వైజాగ్ రేవు బయటే, నిజమే. మన నేవీ ఆ ఘనత ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్ రకం యుద్ధనౌకకి ఇస్తుంది. కురుసుర అప్పుడు పడమటి వైపు పని మీద ఉంది, ఆ నవంబర్‌లో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. గాజీ కథకి గుర్తు చూడాలంటే అదే బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, నడిచి వెళ్లొచ్చు.

కురుసుర కథ దానికే చాలు, వేరే కథ అతికించక్కర్లేదు. 1969 డిసెంబర్ 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో నేవీలో చేరింది. కల్వరి, ఖండేరి, కరంజ్ తర్వాత మనకి నాలుగో సబ్‌మెరైన్. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు, భూమి చుట్టూ మూడు చుట్లకు పైనే. మామూలుగా పనిలో ఉన్న నౌకలకే జెండాలతో అలంకరించే గౌరవం ఉంటుంది, విరమించినా కురుసురకి ఆ గౌరవం దక్కింది. ఆ తోరణాలు కట్టిన రోజు డాక్‌యార్డ్‌లో పనిచేసిన మాలాంటివాళ్లకి పండగే.

దాన్ని ఒడ్డుకి తేవడం కూడా చిన్న పని కాదు. ఆలోచన నేవీ అధికారి వినోద్ పస్రీచా గారిది. సముద్రంలోంచి ఇసుక మీదికి, ఇప్పుడున్న చోటికి లాగాల్సింది 600 మీటర్లే. కానీ దాన్ని మ్యూజియంగా నిలబెట్టే పని మొత్తానికి 18 నెలలు, ఐదున్నర కోట్లు పట్టింది. 2002 ఆగస్టు 9న ప్రారంభించారు, అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి వదిలారు. ముంబయిలో విమానాలు మోసే నౌక మొదటి విక్రాంత్‌ని కూడా మ్యూజియంగా ఉంచారు, 2012 దాకా జనం చూశారు. తర్వాత నిలబెట్టుకోలేక 2014లో తుక్కుకి అమ్మేశారు. అంత పెద్ద నౌక, అంత చరిత్ర, ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి చూపిద్దామంటే లేదు. ఉప్పుగాలిలో ఇనుము ఊరికే ఉండదు. ప్రతి ఏడూ గీకాలి, రంగు వెయ్యాలి, తినేసిన ప్లేటు మార్చాలి. ఇదంతా ఖర్చుతో కూడిన పనని బాబుకి చెప్పండి. లోపల వాల్వులు తిప్పడం, మీటర్ల మీద వేళ్లతో గీయడం చెయ్యనివ్వొద్దు. ఒక్కడు తిప్పితే ఏమవుతుంది అనిపిస్తుంది కానీ రోజుకి వందల చేతులు.

చిన్నచిన్న జాగ్రత్తలు కొన్ని. బ్యాక్‌ప్యాక్ వేసుకుని వెళ్లొద్దు, గుండ్రటి దారిలో తట్టుకుంటుంది. చీర అయితే కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి, ఆ రోజుకి చుడీదార్ మేలు. చెప్పులు జారేవి వద్దు. పొడుగువాళ్లు ఉంటే తల జాగ్రత్త, ఆరడుగుల మా అన్నయ్యగారబ్బాయికి ఒక వాల్వు చక్రం తగిలి నుదురు బొప్పి కట్టింది. బాబుని లోపలికి వెళ్లేముందే బాత్‌రూమ్‌కి తీసుకెళ్లండి.

కైలాసగిరి అదే రోజు కుదురుతుంది. పొద్దున్నే కైలాసగిరి పెట్టుకోండి, ఎండ ఎక్కకముందు పదిన్నర లోపు దిగిపోవచ్చు. రోప్‌వే నడిచే వేళ అయితే నాన్నగారికి అది బాగుంటుంది. భోజనం చేసి గది దగ్గర ఒక గంట నడుం వాల్చి, సబ్‌మెరైన్ తెరిచే వేళకి ఆటో ఎక్కండి. 'కురుసుర' అంటే కొందరు ఆటోవాళ్లు ఒక్క క్షణం ఆలోచిస్తారు, 'సబ్‌మెరైన్ దగ్గర' అంటే చాలు.

అక్కడి నుంచి బయటపడ్డాక ఎదురుగా టీయూ 142. అది సబ్‌మెరైన్లను వేటాడటానికి తయారైన విమానం. 29 ఏళ్లు పనిచేసి 2017లో విరమించింది, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియంగా తెరిచారు. రోడ్డుకి ఇటు దాక్కునేది, అటు వెతికేది. ముందు సబ్‌మెరైన్, తర్వాత విమానం, ఈ వరస మార్చకండి. సముద్రంలోకి వదిలే, సబ్‌మెరైన్ చప్పుడు వినే పరికరాలు అక్కడ చూసినప్పుడు, ఇంజన్లు ఆపేసి బ్యాటరీ మీద ఎందుకు పోవాలో బాబుకి అప్పుడు తెలుస్తుంది. నాన్నగారు సబ్‌మెరైన్ లోపలికి రాకపోతే ఆయన్ని ముందే అక్కడికి పంపకండి, మీరు వచ్చేదాకా బీచ్ వైపు గట్టు మీద కూర్చోబెట్టండి. విమానం దగ్గర బాబు తాతగారికి సబ్‌మెరైన్ గురించి చెప్తూ నడుస్తాడు.

కర్ర పరీక్ష అయ్యాక ఏమైందో రాయండి. మీరు వచ్చే రోజు వారం మధ్యలో అయితే, వీలుంటే నేనే వచ్చి బ్యాటరీ గుంటలు ఎక్కడున్నాయో బాబుకి చూపిస్తాను.